ఎర్ర ఏగానీ పండగ

ఫిబ్రవరి 12, 2026. గురువారం.

ఇవాళ లింకన్ పుట్టినరోజు. అమెరికాలోని మా ఇల్లినాయ్ రాష్ట్రంలో సెలవు. పిల్లాడికి బడి లేదు, నాకు ఆఫీసు ఉంది. ఇంట్లోంచే పని కాబట్టి లంచ్ టైములో అమ్మనీ వాణ్ణీ తీసుకుని ఇండియన్ స్టోరుకి బయల్దేరాను. కరివేపాకు అయిపోయి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ పోపులో వాసన లేదని అమ్మ గొణుగుతూనే ఉంది.

కారు దిగి నాలుగడుగులు వేశానో లేదో, పక్కన అమ్మ లేదు. తిరిగి చూస్తే రెండు కార్ల మధ్య నేల మీదికి వంగిపోయి ఉంది. ఐసు మీద జారిందనే అనుకున్నాను. విజిటర్ ఇన్సూరెన్స్ డిడక్టబుల్, అంటే ముందు మనం జేబులోంచి కట్టాల్సింది, ఎంతో గుర్తు తెచ్చుకుంటూ పరిగెత్తాను. తీరా చూస్తే, మా ఇంట్లో మెట్లెక్కడానికే మోకాళ్ళు పట్టుకునే మనిషి, ఒక పెన్నీ కోసం, అంటే ఒక్క సెంటు నాణెం కోసం, వంగింది. తీసి, శాలువాకి తుడిచి, కళ్ళకద్దుకుంది.

“లక్ష్మిని తొక్కుకుంటూ పోతున్నారే మీరంతా.”

ఈ దేశం వచ్చిన కొత్తలో నేనూ వంగేదాన్ని. కాఫీ ధరని కూడా రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకునే రోజులవి. వంగడం ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

ఆ పెన్నీ చూస్తే జాలేసింది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దాన్ని తినేసింది. అంచున రాగి ఊడి లోపల తెల్లబూడిద లాంటి జింకు కనబడుతోంది. దాని మీది లింకన్‌కి గడ్డం ఉంది, చెవి లేదు. 1982 నుంచి పెన్నీకి రాగి పైపూతే. లోపలంతా జింకు, 97.5 శాతం. అంతకుముందు 95 శాతం రాగి ఉండేది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఎర్ర ఏగానీ!” అంది. చేతిలో ఎర్ర ఏగానీ లేదని అనడమే గానీ, ఎర్రగా ఉన్న ఏగానీని నేను చూడలేదు. పెన్నీని ఇన్నాళ్ళూ చూస్తూ కూడా నాకు ఆ మాట తట్టలేదు.

మావాడు ఎగిరి గంతేశాడు. “అమ్మమ్మా, టుడే లాస్ట్ పెన్నీ డే!” నిన్న క్లాసులో చెప్పారట. పెన్నీ మీద ఉన్నది లింకన్ కాబట్టి ఆయన పుట్టినరోజునే ఈ సరదా పండగ. సోఫా సందుల్లో, సొరుగుల్లో పడి ఉన్న పెన్నీలన్నీ ఏరి దానం చెయ్యాలి, లేదంటే బొమ్మ పైకి ఉండేలా రోడ్డు మీద వదలాలి. దొరికినవాళ్ళకి ఆ రోజంతా అదృష్టం అని ఇక్కడి నమ్మకం.

“లాస్ట్ అంటే ఆఖరిదా, పోయిందా?” అడిగింది అమ్మ.

పోయినదనే అర్థం. కానీ ఈ ఏడు రెండూ నిజమే. చలామణీ కోసం చేసే పెన్నీలు పోయిన నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో ఆఖరిసారి కొట్టారు. 1793లో మొదలైనవి. ఒక్క సెంటు తయారుచెయ్యడానికి 2024లో 3.69 సెంట్లు అయ్యాయట. చారాణా కోడికి బారాణా మసాలా అని మా ఆయన హైదరాబాదీలో తేల్చేశాడు. నిజానికి లెక్కేస్తే మసాలా ఇంకా ఎక్కువే పడింది. ఉన్నవి మాత్రం చెల్లుతాయి. ఇంకా దాదాపు 30 వేల కోట్ల పెన్నీలు జనం దగ్గర ఉన్నాయని అంచనా. అందులో సగం నా కారు సీటు కిందే ఉంటాయి.

ఇండియాలో పావలా 2011 జూన్ 30తో పోయినప్పుడు నేను పట్టించుకోలేదు. అమ్మ మాత్రం ఇప్పటికీ ఒక డబ్బాలో పావలాలు దాచింది.

ఇంటికొచ్చాక పాత ఊరగాయ సీసాలో ఉన్న పెన్నీలన్నీ టేబుల్ మీద బోర్లించాం. వెనకవైపు రెండు కంకులున్న నాణెం ఒకటి బయటపడింది, 1956ది. అమ్మ చూసీ చూడగానే, “వరికంకులు,” అంది. మావాడు, “నో, అమ్మమ్మా, వీట్,” అన్నాడు. గోదావరి జిల్లా మనిషికి గోధుమ అంటే ఎలా ఒప్పుకుంటుంది? ఒప్పుకోలేదు.

తరవాత జరిగింది నేను ఎదురుచూడనిది. అమ్మ ఒక్కో పెన్నీని వంటింట్లో గ్రానైట్ గట్టు మీద జారవిడవడం మొదలుపెట్టింది. కొన్ని ఠంగుమని మోగుతున్నాయి, కొన్ని టప్పుమని చతికిలబడుతున్నాయి. మోగినవి కుడివైపు, మోగనివి ఎడమవైపు. మా తాతయ్యకి నిడదవోలులో కిరాణా కొట్టు ఉండేది. రూపాయి ఇస్తే రాతి మీద మోగించి గానీ గల్లాపెట్టెలో వేసేవాడు కాదు. కొట్టులో కూర్చుని చూసిన చెవి అది. కళ్ళజోడు పెట్టుకోలేదు, ఏ ఏడాదిదో చూడలేదు. మావాడు పక్కన నిలబడి తారీకులు చదువుతున్నాడు. కుడివైపువి 1974, 1968, 1981. ఎడమవైపువి 1995, 2004, 2017. మోగినవన్నీ రాగివి, మోగనివన్నీ జింకువి. ఒక్కటి కూడా తప్పలేదు. ఆఫీసు మీటింగులో మైకు మ్యూట్ చేసుకుని నేనూ వంటింటి గుమ్మంలోనే ఉండిపోయాను.

1982 నాణెం ఒకదాని దగ్గర మాత్రం తగువొచ్చింది. అమ్మ మంచిదంది. ఆ ఏడాది రెండు రకాలూ చేశారు కాబట్టి తారీకుతో తేలదు. రాగిదైతే 3.11 గ్రాములు, జింకుదైతే 2.5. మా వంటింటి తూకానికి అంత సూక్ష్మం లేదు. దేన్ని పెట్టినా 3 అంది. అమ్మ మాటే నెగ్గింది.

చీకటి పడకముందే మావాడు పన్నెండు పెన్నీలు, అన్నీ మోగనివే, జేబులో వేసుకుని మా వీధి పేవ్‌మెంట్ మీద వరసగా పెట్టడానికి బయల్దేరాడు. తోడుగా అమ్మని పంపాను. అరగంటకి ముక్కులు ఎర్రగా చేసుకుని ఇద్దరూ వచ్చారు.

అమ్మ కోటు విప్పుతుంటే జేబు గలగలమంది.

“అమ్మా!”

“వాడు పెడతాడు సరే. చూస్తూ చూస్తూ లక్ష్మిని రోడ్డు మీద ఎలా వదిలేసి రమ్మంటావే?”

పాపం వాడు వెనక్కి తిరిగి చూసుకోనేలేదట. ఏడుపు మొహంతో అమ్మమ్మ జేబులోంచి తీసి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పదమూడు ఉన్నాయి.