కెమెరా లేని శనివారం

విమానం ఆక్లాండ్‌లో దిగేసరికి 2022 జూన్ సగం దాటింది. నిజానికి ఇది 2020 మార్చిలో జరగాల్సిన ప్రయాణం. కరోనా వచ్చి న్యూజిలాండ్ గడప మూసేసింది. అది మళ్లీ తెరుచుకునేలోపు మా మనవరాలు అంగన్‌వాడీ వయసు దాటి బడి సంచీ తగిలించుకుంది.

ముప్పై మూడేళ్లు గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా చేశాను. కొత్త ఊరికి వెళ్తే మైదానం ఎక్కడుందా అని వెతకడం అప్పటి అలవాటు. అల్లుడు స్కై టవర్ ఎక్కించాడు, పడవ మీద వైహేకే దీవికి తీసుకెళ్లాడు. బాగున్నాయి. వాటి గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను వదిలేస్తున్నాను.

అమ్మాయి వాళ్లుండేది సాండ్రింగ్‌హామ్‌లో. కందిపప్పు, కరివేపాకు, గోంగూర పచ్చడి సీసా, అన్నీ నడిచి వెళ్లి తెచ్చుకునే దూరంలోనే దొరుకుతాయి. అదే రోడ్డు పట్టుకుని పైకి పోతే ఈడెన్ పార్క్ స్టేడియం. జూలై 2న అక్కడ న్యూజిలాండ్ రగ్బీ జట్టు ఆల్ బ్లాక్స్ ఐర్లాండ్‌ని 42-19తో ఓడించారు. ఆ రాత్రి వీధంతా పెళ్లివారి ఇల్లులా ఉంది. తర్వాతి రెండు శనివారాలూ మనవాళ్లు (చూశారా, అప్పుడే మనవాళ్లయిపోయారు) ఓడిపోయారు. సొంతగడ్డ మీద ఐర్లాండ్ చేతిలో సిరీస్ పోవడం చరిత్రలో అదే మొదటిసారి. ఇక టీవీ పెడితే కోచ్ గురించే, పేపరు తెరిస్తే కోచ్ గురించే. క్షవరం చేసే కుర్రాడు నా తల పట్టుకుని, ‘కోచ్‌ని మార్చాలంటారా?’ అని అడిగాడు. కత్తెర అతని చేతిలో ఉంది కాబట్టి మార్చాలనే చెప్పాను.

చెక్క కంచెకి అవతల సమోవా దీవుల నుంచి వచ్చిన కుటుంబం. మొదటి వారంలోనే ఆవిడ రెండు పెద్ద దుంపలు తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది. చూస్తే చేమదుంపే, కాకపోతే మన దుంపకి తాతలా ఉంది. మా ఆవిడ చింతపండు వేసి పులుసు పెట్టి అదే గిన్నెలో పంపింది. ఖాళీ గిన్నె వెనక్కివ్వకూడదన్నది అక్కడా ఉందట. అట్లా ఆ గిన్నె రెండు నెలలపాటు కంచె మీదుగా అటూ ఇటూ తిరిగింది.

వాళ్లబ్బాయికి పదిహేడేళ్లు. పేరు రాయను, ఎందుకో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది. ఒక పెద్ద బళ్లో ఫస్ట్ ఫిఫ్టీన్ జట్టులో పదో నంబరు. ఫస్ట్ ఫిఫ్టీన్ అంటే బడి తరఫున ఆడే మొదటి పదిహేను మంది. పదో నంబరంటే జట్టుకి మెదడు లాంటివాడు, బంతి ఎటు పోవాలో అతనే తేల్చాలి. చాలా జట్లలో గోలుకి తన్నే పనీ అతని మీదే పడుతుంది. రోజూ సాయంత్రం పెరట్లో బట్టలారేసే ఇనప స్తంభానికి గురిపెట్టి తన్నేవాడు. నేను ఇవతల కుర్చీ వేసుకుని లెక్కపెట్టేవాణ్ణి. పదింటికి ఎనిమిది తగిలితే, ‘అంకుల్, ఎనిమిది కదా?’ అనేవాడు. తొమ్మిదని నేను అబద్ధం చెబితే నవ్వేవాడు.

‘నీ ఆట టీవీలో ఎప్పుడొస్తుంది?’ అని ఒకరోజు అడిగాను. ఈ ఏడు రాదన్నాడు.

సంగతేమిటంటే, ఆక్లాండ్‌లో బళ్ల రగ్బీకి పై అంతస్తు 1ఏ అనే పోటీ. ఆక్లాండ్ గ్రామర్, కింగ్స్ కాలేజ్, మౌంట్ ఆల్బర్ట్ గ్రామర్, కెల్స్టన్ బాయ్స్ లాంటి బళ్లు ఆడతాయి. ఒక్క ఆక్లాండ్ గ్రామర్ నుంచే యాభై మందికి పైగా ఆల్ బ్లాక్స్ వచ్చారు. ఈ మ్యాచ్‌లు స్కై స్పోర్ట్ టీవీ చానెల్‌లో ప్రత్యక్షంగా వచ్చేవి. వ్యాఖ్యాతలు, స్లో మోషన్, ఆట అయ్యాక మైకు, అంతా పెద్దవాళ్ల ఆటకి జరిగినట్టే. పిల్లల మీద బరువు ఎక్కువైపోతోందని ప్రిన్సిపాళ్లే కూర్చుని, ఈ సీజన్‌కి ప్రసారం వద్దు, ఆటగాళ్ల ఇంటర్వ్యూలూ వద్దు అనుకున్నారట.

దీని వెనకాల ఒక పాత తగాదా కూడా ఉంది. ఒక ప్రైవేటు బడి పక్క బళ్లలో ఆరితేరిన ఆటగాళ్లని లాగేసుకుంటోందని, దానితో ఆడేది లేదని 2018 చివర్లో మిగతా బళ్లు అడ్డం తిరిగాయి. ఇది విన్నప్పుడు నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. మా బళ్లో పదో తరగతి ఫస్టు వచ్చిన పిల్లని ఫలితాలొచ్చిన వారానికే వ్యానులో వచ్చి తీసుకెళ్లేవాళ్లు. రెండేళ్ల తర్వాత ఆ పిల్ల మొహం పేపరు మొదటి పేజీలో తపాలా బిళ్లంత కనపడేది, పక్కన ర్యాంకు అంకె. ర్యాంకు రాని ఏడాది ఆ పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. అక్కడ ర్యాంకు, ఇక్కడ బంతి.

‘మరి నీకెలా ఉంది, టీవీ లేకపోతే?’ అన్నాను.

అతను బంతిని అరచేతుల్లో తిప్పుతూ, పోయినేడాది ఒక తన్ను తప్పిందన్నాడు. గోలుకి ఎదురుగా, సులువైనదే. టీవీలో మూడుసార్లు చూపించారట. ఆ రాత్రి ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి ఫోన్‌కి వచ్చిన మెసేజీలు పొద్దున వాళ్లమ్మ చదివిందట. ‘నేను చదివినా పర్వాలేదు అంకుల్, అమ్మ చదివింది’ అన్నాడు.

అమ్మ లెక్క వేరు. ఆవిడ రాత్రిళ్లు ఆసుపత్రిలో నేల తుడిచే పనికి వెళ్తుంది. ‘ప్రిన్సిపాళ్లకేం, వాళ్లు చెబుతారు. మా నాన్న సమోవాలో, సవాయి దీవిలో కూర్చుని మనవడి ఆట చూసేవాడు. ఊరంతా మా ఇంటికొచ్చేది. డబ్బున్న పిల్లాడికి టీవీ లేకపోతే వాళ్ల నాన్న ఆఫీసు ఉంది. మావాడికేముంది? చూసేవాడు చూస్తేనే కదా పిలిచేది’ అంది. కోపంగా కాదు, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. నేను తలూపాను. పొద్దున కొడుకు చెప్పినదానికీ ఇలాగే తలూపాను.

జూలై చివర్లో మౌంట్ ఆల్బర్ట్ గ్రామర్‌లో వాళ్ల మ్యాచ్. ఆ బడి చూడాల్సిందే. నగరం నడిబొడ్డున మూడు వేల మందికి పైగా చదివే బడి, దాన్ని ఆనుకుని ఇరవై ఎకరాల దాకా బడి సొంత పొలం! ఆవులు, గొర్రెలు. పిల్లలకి వ్యవసాయం పాఠం అక్కడే. 1932 నుంచి ఉందట. మా జిల్లాలో బడి స్థలం అంటే ఎవరు కబ్జా చేస్తారా అని కాపలా కాయడమే నాకు తెలుసు. నేను కంచె పట్టుకుని ఆవుల్ని చూస్తూ నిలబడితే, ‘నాన్నా, ఆట అటు’ అని అమ్మాయి చెయ్యి పట్టుకు లాగింది.

పైన ఓవైరాకా కొండ, ఒకప్పటి అగ్నిపర్వతం. కింద తడిసిన గడ్డి. గీత పక్కన పెనం పెట్టి మాంసం వేయిస్తున్నారు, రొట్టె ముక్కలో చుట్టి ఇస్తారు. నాకు మాంసం వద్దంటే ఆ పెద్దమనిషి వేగిన ఉల్లిపాయలు, టమాటా సాస్ మాత్రమే పెట్టి డబ్బులు పుచ్చుకోకుండా ఇచ్చాడు. ఆకలికో చలికో మహా రుచిగా ఉంది.

ఆట మొదలయ్యే ముందు ఆ బడి పిల్లలంతా గీత వెంట నిలబడి, అక్కడి మూలవాసులు మావోరీల నృత్యం హాకా చేశారు. తొడల మీద చరుపు, నేల మీద అడుగు, వందల గొంతులు ఒక్కటిగా. టీవీలో చాలాసార్లు చూశాను గానీ పక్కన నిలబడితే ఆ చప్పుడు కాళ్లలోంచి ఎక్కుతుంది. అవతలి జట్టు పిల్లలు కదలకుండా, చూపు తిప్పకుండా నిలబడి దాన్ని అందుకోవాలి. అదీ మర్యాదే. మావాడు గడ్డం కాస్త పైకెత్తి నిలబడ్డాడు. వాళ్లమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

బళ్ల ఆటలో ఒక్కో సగం ముప్పై అయిదు నిమిషాలు. బంతి చేత్తో ముందుకి విసరకూడదు, వెనక్కే ఇవ్వాలి. మనిషి మాత్రం ముందుకే పోవాలి. ఈ ఒక్కటి తెలిస్తే చెడుగుడు చూసిన కంటికి మిగతాది అదే అర్థమవుతుంది. పట్టు పట్టేవాడు చూసేది మొహాన్ని కాదు, నడుముని. రెండో సగంలో మావాడు బంతి చంకన పెట్టుకుని ఎడమకి వంగి, ఎడమ కాలు మోపి కుడికి తెగ్గోశాడు. ఇద్దరు గాలిని పట్టుకున్నారు. అది అచ్చం మన కూతకెళ్లిన ఆటగాడి కాలు. నా ఫోన్ అప్పటికే చేతిలో ఉంది. మూడోవాడు వచ్చి నడుము మీద గుద్దాడు, బంతి జారింది, వాళ్లు ఎత్తుకుపోయి అయిదు పాయింట్ల ట్రై పెట్టేశారు. ఆట పోయింది కూడా ఆ తేడాతోనే.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ ముక్కని మా రిటైర్డ్ పీఈటీల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ‘చెడుగుడు కాళ్లు చూడండి’ అని రాశాను. నేను చూపించాలనుకున్నది మొదటి నాలుగు సెకన్లు. జనం చూసింది చివరి మూడు.

గ్రూపులో ఒకాయన ఆక్లాండ్‌లోనే ఉన్న వాళ్లబ్బాయికి పంపాడు, ఆ అబ్బాయి ఇంకెవరికో. ఆదివారం రాత్రికి దాని వెనక నవ్వుల చప్పుడు అతికించి, బంతి జారడాన్ని ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిప్పి ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. సోమవారం అతని క్లాసంతా చూసింది. టీవీ వాళ్లయితే మూడుసార్లే చూపించారు.

ఆ సాయంత్రం స్తంభానికి బంతి తగిలిన చప్పుడు వినపడలేదు. చీకటి పడ్డాక కంచె దగ్గరికొచ్చి, ‘అంకుల్, అది మీరు తీసిందేనా? మీ మనవరాలి గొంతు వినపడింది’ అన్నాడు. మనవరాలు వెనకనుంచి ‘తాతా, ఆవు!’ అని అరిచింది అందులో. అబద్ధమాడటానికి దారి లేదు. అవునన్నాను. ‘తీసేస్తారా?’ అన్నాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు.

అల్లుణ్ణి కూర్చోబెట్టి తీయించబోతే, అప్పటి వాట్సాప్ లెక్క ప్రకారం గంట దాటిపోయింది కాబట్టి నా ఫోన్లోంచి తప్ప మిగతా ఎవరి ఫోన్లోంచీ పోదన్నాడు. గ్రూపులో దయచేసి తీసేయండని రాశాను. ముగ్గురు దణ్ణం బొమ్మ పెట్టారు. ఒకాయన, ‘భలే కామెడీగా ఉంది మాస్టారూ’ అన్నాడు.

మా బళ్లో చెడుగుడు ఆడే కుర్రాడి ఫోటో ఒకసారి నేనే తిరిగి తిరిగి పేపరు జిల్లా ఎడిషన్‌లో వేయించాను. వాళ్ల నాన్న లామినేషన్ చేయించి టీకొట్లో వేలాడదీశాడు. తర్వాతి టోర్నమెంటులో వాడు రెండు కూతల్లో అవుటయ్యాడు, ఆపైన ఆటకి రాలేదు. కాలు నొప్పన్నాడు, నమ్మాను. ఇన్నేళ్లకి సాండ్రింగ్‌హామ్‌లో నిద్ర పట్టక పడుకున్నప్పుడు ఆ టీకొట్టు గుర్తొచ్చింది.

ఆ వారంలో ఒకరోజు ఊరికే రైలెక్కి గ్రాఫ్టన్‌లో దిగి ఆక్లాండ్ గ్రామర్ గేటు దాకా నడిచాను. ఎవరెస్ట్ ఎక్కిన హిల్లరీ చదివింది ఆ బళ్లోనే. తువాకావ్ అనే ఊరి నుంచి పోను రెండు గంటలు, రాను రెండు గంటలు రైల్లో వచ్చేవాడు. చిన్నగా, సిగ్గరిగా ఉండేవాడట. ఇప్పుడు అయిదు డాలర్ల నోటు మీద ఆయన బొమ్మే. ఒక నోటు తీసి కాసేపు చూసి, దాంతోనే కాఫీ తాగి వచ్చేశాను.

బుధవారం మళ్లీ స్తంభానికి బంతి తగిలింది. నేను కుర్చీ వేసుకోవాలా వద్దా అని తలుపు దగ్గరే ఆగిపోయాను. ‘అంకుల్, లెక్క!’ అన్నాడు అవతలనుంచి. ఏడు తగిలాయి. ఏడనే చెప్పాను.

తర్వాతి శనివారం ఫోన్ ఇంట్లో వదిలేసి, గొడుగొకటి పట్టుకుని బయల్దేరాను. మైదానం చేరేసరికి వాన. గీత పక్కన వాళ్లమ్మ రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, ఒక చేత్తో ఫోన్ పైకెత్తి నిలబడి ఉంది. సవాయి దీవికి వీడియో కాల్. తెర మీద బనీను వేసుకున్న ముసలాయన, వెనకాల కిక్కిరిసిన పిల్లలు. ఫోన్ తడిసిపోతోంది. నేను ఇంకేమీ ఆలోచించకుండా వెళ్లి దాని మీద గొడుగు పట్టాను.

పెనాల్టీ దొరికింది. మావాడు బంతి నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాడు. అంతలో ఫోన్లోంచి ముసలాయన గట్టిగా ఏదో అరిచాడు. ఆవిడ నవ్వాపుకోలేక నా వైపు తిరిగింది.

‘గొడుగు అడ్డం తియ్యమంటున్నాడు, ఏమీ కనపడట్లేదట.’