45 అడుగుల ఆయిల్ మీద ఐదో సెషన్: ఫ్లాట్ టెన్ గుట్టు సగం దొరికింది

ఎట్టకేలకు బౌలింగ్ మూడో గేమ్‌లో కుప్పకూలలేదు. నిన్న 181, 174, 179. చూడ్డానికి గొప్ప స్కోర్లేం కావు. కానీ ఇదే ఆయిల్ ప్యాటర్న్ (లేన్ మీద నూనె పూసిన తీరు) మీద పోయిన వారం 189, 158, 141 వేసి, షూస్ విప్పుకుంటూ ఇక ఈ ఆట మనవల్ల కాదేమో అనుకున్నవాడికి ఇది పండగే.

ప్యాటర్న్ సంగతి: 45 అడుగులు, 26 మిల్లీలీటర్లు, మధ్యలో ఆయిల్‌కీ పక్కల ఆయిల్‌కీ తేడా 3:1 లోపే. మామూలు రోజుల్లో అందరికీ వేసే హౌస్ షాట్‌లో ఈ తేడా 10:1 దాకా ఉంటుంది కాబట్టి బాల్ కాస్త బయటికి జారినా అక్కడి పొడి బోర్డులే (లేన్ చెక్క పట్టీలు) దాన్ని పాకెట్‌లోకి, అంటే ఒకటి, మూడో పిన్‌ల మధ్యకి తెచ్చిపెడతాయి. ఇక్కడ బయట కూడా నూనే. జారిందంటే జారినట్టే. 31 రూల్ ప్రకారం 45 లోంచి 31 తీసేస్తే 14. అంటే ఆయిల్ అయిపోయే చోట బాల్ కుడి అంచు నుంచి 14వ బోర్డు దగ్గర ఉండాలి. ఇంతవరకూ నాకు తెలుసు. తెలిసి కూడా నాలుగు సెషన్లు పాడుచేసుకున్నాను.

ఇంతకీ సమస్య ఏమిటంటే, మొదటి గేమ్ బాగానే పోతుంది. రెండో గేమ్ నాలుగైదు ఫ్రేముల తర్వాత ఫ్లాట్ టెన్‌లు (పదో పిన్ ఒక్కటే నిలబడిపోవడం) మొదలవుతాయి. బాల్ పాకెట్‌లోనే పడుతుంది, చప్పుడు మాత్రం మెత్తగా ఉంటుంది. ఆరో పిన్ ఎగిరి పదో పిన్ మెడ చుట్టూ తిరిగితే అది దురదృష్టం, దానికి బాధపడను. ఇక్కడ ఆరో పిన్ నిద్రొచ్చినట్టు పక్కకు ఒరిగి, పదో పిన్‌కి సరిగ్గా ముందు గటర్‌లో పడుకుంటుంది. నాలుగో సెషన్ మూడు గేముల్లో ఇలాంటివి తొమ్మిది. మూడో గేమ్‌కి అది కూడా పోయి 2-10లు (ఆ రెండు పిన్‌లూ మిగలడం), రెండు వాష్‌అవుట్‌లు (వాటితో పాటు మొదటి పిన్ కూడా మిగలడం).

మొదట క్యారీడౌన్ అనుకున్నాను. ఆయిల్ ముందుకు పాకి బ్యాక్‌ఎండ్ (లేన్ చివరి పొడి భాగం) చచ్చిపోయిందని. బాల్ చివర్లో తిరగడం లేదంటే ఎక్కువ హుక్ కావాలి, ఎక్కువ హుక్ కావాలంటే గరుకు పెంచాలి. ఎవరికైనా తట్టే లాజిక్కే. నాలుగో సెషన్‌కి ముందు ఇంట్లో కూర్చుని నా బాల్ స్టార్మ్ ఫేజ్ 2ని 2000 నుంచి 500 ప్యాడ్‌కి దించాను (అంకె తగ్గితే గరుకు పెరుగుతుంది), ఒక్కో వైపు 45 సెకన్లు. (స్టార్మ్ వాళ్ల బాల్స్‌కి వాసన ఉంటుంది కదా, ప్యాడ్ పెట్టి రుద్దితే గదంతా మిఠాయి కొట్టు అయిపోతుంది. నాకిష్టమే, ఇంట్లో వాళ్లకి కాదు.) ఫలితం పైన చెప్పిన 141.

ఆ రోజు పక్క లేన్‌లో వేస్తున్న పెద్దాయన ఒకరు, మా లీగ్‌లో అందరూ అన్నా అనే పిలుస్తారు, నా మూడో వాష్‌అవుట్ చూసి దగ్గరికొచ్చారు.

"తమ్ముడూ, బాల్ తిరగట్లేదనుకుంటున్నావా?"

"అవునన్నా, చివర్లో బొత్తిగా చచ్చిపోతోంది."

"తిరగకపోవడం కాదు. తిరగాల్సిందంతా ముందే తిరిగేసింది. పిన్స్ దాకా వచ్చేసరికి దానిలో ఇంకేం మిగల్లేదు."

అది మూడో వాష్‌అవుట్ అని నా లెక్క కూడా ఆయనే సరిచేశారు. నేను రెండే రాసుకున్నాను.

ఇంటికొచ్చాక ఆయన మాట నిజమో కాదో తేల్చుకుందామని ఫోన్‌లో ఉన్న వీడియోలు తెరిచి చూశాను. అంతకుముందు వారం 2000 ప్యాడ్ మీద తీసినవి, ఆ రోజు 500 మీద తీసినవి. రెండూ ప్రాక్టీస్‌లోవే, సెకనుకి 240 ఫ్రేములు, బాల్ మీద చిన్న తెల్ల టేప్ ముక్క అంటించి. వదిలిన దగ్గర్నుంచి మొదటి పిన్‌కి 564 ఫ్రేములు, అంటే 2.35 సెకన్లు. 60 అడుగులకి సగటున సెకనుకి 25.5 అడుగులు, గంటకి 17.4 మైళ్లు. రెండు రోజులూ స్పీడ్‌లో తేడా లేదు కాబట్టి నేరం నా చేతిది కాదు. యారోలు (లేన్ మీది బాణం గుర్తులు) దాటాక మా లేన్ మీద కొలుచుకోవడానికి గుర్తులేవీ లేవు కాబట్టి కాలంతోనే లెక్క వేశాను. పక్కకు తిరుగుతున్న టేప్ ముందుకు దొర్లడం మొదలయ్యే క్షణం 2000 మీద 1.4 సెకన్లు, అంటే దాదాపు 36వ అడుగు. 500 మీద 1.15 సెకన్లు, దాదాపు 29వ అడుగు. దారిలో బాల్ కొంత నెమ్మదిస్తుంది కాబట్టి అంకె అటూఇటూ ఓ అడుగు తేడా ఉండొచ్చు. కానీ ఏడు అడుగుల తేడా కంటికే కనిపిస్తోంది. 45 అడుగుల దాకా ఆయిల్ ఉంటే నా బాల్ 29 దగ్గరే తన పని ముగించుకుని, మిగిలిన 31 అడుగులూ ఉత్త చేతులతో నడిచొస్తోంది.

రెండో గేమ్ నుంచే ఎందుకంటే, నేనూ నా వెనక వేసేవాళ్లూ కలిసి 17వ బోర్డు చుట్టూ ముందు భాగంలో ఆయిల్‌ని పీల్చేస్తున్నాం. ఆయిల్ తగ్గిన కొద్దీ బాల్ ఇంకా ముందే మేలుకుంటుంది. రోగానికి విరుగుడు అనుకుని నేనిచ్చింది రోగాన్నే.

కానీ ఇది ఫ్లాట్ టెన్‌లకి సరిపోయే కారణం. 2-10లకీ వాష్‌అవుట్‌లకీ సరిపోదు. అలసిపోయిన బాల్ పాకెట్‌ని మెత్తగా కొట్టాలి గానీ అసలు పాకెట్ దాకా రాకపోవడమేమిటి? ఇక్కడ కాగితం పెన్ను తీశాను.

యారోలు దాదాపు 15 అడుగుల దగ్గర ఉంటాయి, ఆయిల్ చివర 45, సరిగ్గా మూడు రెట్లు. బాల్ అప్పటిదాకా నేరుగా పోతుందనుకుంటే 45 దగ్గర బోర్డు = యారో దగ్గరి బోర్డుకి మూడు రెట్లు, అందులోంచి బాల్ పెట్టిన బోర్డుకి రెండు రెట్లు తీసెయ్యాలి. మొదటి గేమ్‌లో నేను 19 దగ్గర పెట్టి 17 మీదుగా వేశాను. 51 లోంచి 38 పోతే 13. రూల్ చెప్పిన 14కి పక్కనే. బాగుంది.

తర్వాత బాల్ ముందే తిరుగుతోందనిపించినప్పుడల్లా హౌస్ షాట్‌లో అలవాటైన 2-1 కదలిక: కాళ్లు రెండు బోర్డులు ఎడమకి, చూపు ఒకటి. 21 మీద పెట్టి 18 మీదుగా అంటే 12. 23, 19 అంటే 11. 25, 20 అంటే 10. 27, 21 అంటే 9. నాలుగు సార్లు కదిలేసరికి బాల్ రావాల్సిన చోటికి ఐదు బోర్డులు బయట ఉంది. హౌస్ షాట్‌లో ఆ బయట పొడి ఉంటుంది కాబట్టి 2-1 పనిచేస్తుంది, ఇన్నేళ్లూ అదే వేదం అనుకున్నాను. ఇక్కడ ఆ బయటా నూనే. ఒకవైపు ముందే అలసిపోయే బాల్, మరోవైపు దాన్ని వెనక్కి రానివ్వని చోటికి నేనే తోస్తున్నాను.

అదే 3-2 కదిలితే? 22, 19 అంటే 57 లోంచి 44 పోతే 13. 25, 21 అంటే 63 లోంచి 50 పోతే మళ్లీ 13. ఎన్నిసార్లు కదిలినా బ్రేక్‌పాయింట్, అంటే ఆయిల్ చివర బాల్ ఉండే బోర్డు, కదలదు. రాత్రి పదకొండున్నరకి ఈ లెక్క తేలినప్పుడు వచ్చిన ఆనందం ఈ నెలలో వేసిన స్ట్రైక్‌లన్నిటికీ కలిపి రాలేదు.

నిన్న రెండు మార్పులతో వెళ్లాను: బాల్ 3000 ప్యాడ్ మీద, కదలిక 3-2. టేప్ 1.6 సెకన్ల దగ్గర, అంటే 41వ అడుగు దగ్గర దొర్లింది. వాష్‌అవుట్ ఒక్కటీ లేదు. ఫ్లాట్ టెన్‌లు నాలుగు. పదో పిన్ స్పేర్లు ప్లాస్టిక్ బాల్‌తో అన్నీ పడ్డాయి.

ఆ నాలుగూ మూడో గేమ్ చివర్లోనే. నా అనుమానం, అప్పటికి బాల్ కూడా ఆయిల్ తాగేసి ఉంటుంది. రియాక్టివ్ కవర్ కదా, నూనె పీల్చే రకం పైపొర. ఇంకో అనుమానం, పాకెట్‌లోకి వెళ్లే కోణం. 17.5 బోర్డు దగ్గర 6 డిగ్రీలు ఉంటే పిన్స్ బాగా పడతాయంటారు. వీడియోలో నాది అంతకంటే బాగా తక్కువగా కనిపిస్తోంది, కొలిచే పద్ధతి ఇంకా కుదరలేదు. వచ్చేసారి మూడో గేమ్‌కి ఇంకో బాల్ తీసి చూడాలి. సంచిలో పాతది ఒకటుంది, 2020 ఆగస్టు నుంచి బ్యాలెన్స్ హోల్స్ (వేళ్లు పెట్టని అదనపు రంధ్రాలు) కుదరవన్నాక పూడ్పించి పక్కన పెట్టేసినది. యూరిథేన్ కవర్ ఉన్న బాల్ తీసుకెళ్లమని ఒకరిద్దరు అన్నారు గానీ పొడవాటి ప్యాటర్న్ మీద నాకు అది ఇష్టం లేదు. ఆయిల్ పీల్చదు, ముందుకు మోసుకెళ్తుంది. నిజమైన క్యారీడౌన్ అప్పుడొస్తుంది.

ఆ తర్వాత 52 అడుగుల పీబీఏ (ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం) ప్యాటర్న్ బ్యాడ్జర్ మీద ఒక సెషన్ వెయ్యాలని ఉంది. అక్కడ 31 రూల్ 21వ బోర్డు అంటుంది, అది పాకెట్‌కి అవతలి వైపు. కుడి చేత్తో అక్కడినుంచి పాకెట్‌లోకి రావడం కుదరని పని, కాబట్టి ఆ రూల్‌ని ఇంట్లోనే వదిలెయ్యాలి. 8 దగ్గర పెట్టి 10 మీదుగా నేరుగా వేస్తే 60 అడుగుల దగ్గర 16 అవుతుంది. మిగిలిన బోర్డున్నర ఎనిమిది అడుగుల్లో తిరగాలి. ఈసారి 500 ప్యాడ్ నిజంగానే అవసరం పడేలా ఉంది, పారెయ్యకుండా ఉంచాను.