స్పిన్ అనే మాటలోని నూలుపోగు

మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌లో బొంగరం తిప్పుతున్న మా మేనకోడలు "మామయ్యా, స్పిన్ అంటే తిరగడమేనా?" అని అడిగింది. అవునన్నాను కానీ, ఆ జవాబు నాకే చాలలేదు.

ప్రాచీన ఆంగ్లంలో 'స్పిన్నన్' అంటే తిరగడం కాదు. పీచును లాగి, పురిపెట్టి, నూలు వడకడం. కదురు గిర్రున తిరిగితేనే పోగు సాగుతుంది గనుక, ఆ మాట క్రమంగా నూలును వదిలి తిరగడాన్ని పట్టుకుంది. వేగంగా గిరగిర తిరగడమనే అర్థం 17వ శతాబ్దంలో స్థిరపడింది. సాలీడుకు ఆంగ్లంలో ఉన్న స్పైడర్ అనే పేరు కూడా ఈ ధాతువు నుంచి వచ్చినదే. స్పిన్‌స్టర్ అంటే మొదట నూలు వడికే స్త్రీ. అది ఆమె వృత్తి, గౌరవప్రదమైన పని. 17వ శతాబ్దం నుంచి అదే మాట చట్టపత్రాలలో అవివాహితకు గుర్తుగా మారడం నన్ను నిజంగా బాధిస్తుంది.

పొందూరులో వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని శుభ్రపరచి, ఏకులు చేసి, దారం వడికే స్త్రీల వేళ్లను దగ్గరగా చూసినవారికి నూలు మాట తిరగడంగా మారిన ఈ పరిణామం వింతగా తోచదు. మన తెలుగులోనూ వడిపెట్టడమంటే పురితిప్పడం, వడిగా అంటే వేగంగా. నూలు వడికే రాట్నం పేరే తిరునాళ్లలో పిల్లలెక్కే రంగులరాట్నానికీ వచ్చింది.

మధురవాడ మైదానంలో బంతిని తిప్పే బౌలరును ఇప్పుడు చూసినా నాకు ముందుగా అతని వేళ్లే కనిపిస్తాయి.