‘స్టెరాయిడ్ రహితం’ అని ఫ్లెక్సీ మీద రాయించే ముందు

గోదావరి జిల్లాల్లో దేహదారుఢ్య పోటీలకు ప్రేక్షకుల కొరత ఎన్నడూ లేదు. సంక్రాంతి సంబరాలైనా, అమ్మవారి జాతరైనా, వేదిక మీద కండలు తిరిగిన కుర్రాళ్లు నిలబడితే చివరి బహుమతి ఇచ్చేదాకా జనం కుర్చీలు వదలరు. అమలాపురంలో దసరాకు జరిగే చెడీ తాలింఖానాలో కర్ర, కత్తి విద్యలు చూడడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ తరలివస్తాయి కనుక, శరీర బలాన్ని నలుగురిలో ప్రదర్శించడమూ దాన్ని ఊరంతా మెచ్చుకోవడమూ ఈ నేలకు పాత అలవాటే. వేదిక మీద ఉన్న ఆ శరీరం ఎలా తయారైందన్న అనుమానం మాత్రం ఈమధ్య వచ్చినది. ఆ అనుమానానికి జవాబుగా కొందరు నిర్వాహకులు ‘స్టెరాయిడ్ రహిత పోటీ’ అని ఫ్లెక్సీల మీద పెద్ద అక్షరాలతో రాయిస్తున్నారు.

కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ ఇటువంటి పోటీల నిర్వహణలో పాలుపంచుకుంటున్న వాడిగా నా అభిప్రాయం ఒక్కటే: పరీక్షకు డబ్బు పక్కన పెట్టకుండా, పరీక్ష విధానాన్ని ముందుగా కాగితం మీద రాసి పోటీదారుడి చేత సంతకం చేయించకుండా ఆ మాట వాడకూడదు. అలా చేయలేని కమిటీ మామూలు పోటీ పెట్టుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. పరీక్ష లేని చోట ఆ మాట రాస్తే నష్టపోయేది నిజంగా ఏ మందూ వాడకుండా వచ్చినవాడే. ఎందుకంటే వాడు ఓడిపోయేది మందులు వాడినవాడి చేతిలో, అదీ మందులు లేవని ప్రకటించిన వేదిక మీద.

పరీక్ష అనగానే చాలామంది మనసులో మెదిలేది ఊళ్లోని ల్యాబులో దొరికే మూత్రపు స్ట్రిప్. ఆ స్ట్రిప్‌లు గంజాయి, నల్లమందు వంటి మాదక ద్రవ్యాలను పట్టుకోవడానికి తయారైనవి. స్టానోజొలాల్, నాండ్రొలోన్ వంటి, కండ పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లను అవి గుర్తించలేవు. వాటిని పట్టుకోవాలంటే మూత్రంలోని అణువులను విడదీసి తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ వంటి యంత్రం కావాలి. మన దేశంలో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా, గుర్తింపు ఉన్న ప్రయోగశాల ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్షా ప్రయోగశాల. ప్రమాణాలు పాటించలేదని 2019 ఆగస్టులో వాడా దాని గుర్తింపును నిలిపివేయగా, 2021 డిసెంబరులో గానీ అది తిరిగి రాలేదు. దేశానికంతటికీ ఆధారమైన ప్రయోగశాలకే అంత కఠినమైన లెక్క ఉన్నప్పుడు, స్ట్రిప్ ముంచి ‘క్లీన్’ అని చీటీ రాసివ్వడం ఎంత విలువైనదో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

నమూనా తీసే పద్ధతి కూడా యంత్రమంత ముఖ్యమైనదే. అంతర్జాతీయ నియమాల ప్రకారం కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం సేకరించి, ఎ, బి అనే రెండు సీసాల్లో పోసి, పోటీదారుడి కళ్ల ముందే సీలు వేయాలి. సీసా మీద పేరుకు బదులు సంఖ్య మాత్రమే ఉండాలి. మూత్రం మరీ పలచగా ఉంటే మళ్లీ ఇవ్వమనాలి. నమూనా ఇచ్చేటప్పుడు అదే లింగానికి చెందిన సాక్షి పక్కన నిలబడి చూడాలి. మన ఊళ్లలో మర్యాదస్తుల పిల్లలకు ఈ చివరి నియమం ఎబ్బెట్టుగా తోస్తుంది. తండ్రులు వచ్చి నిలదీస్తారు కూడా. అందుకే ఈ సంగతి ప్రవేశ పత్రంలోనే తెలుగులో స్పష్టంగా రాసి ఉండాలి. పోటీ రోజు సాయంత్రం గ్రీన్‌రూము గుమ్మం దగ్గర మొదటిసారి చెబితే గొడవ తప్పదు.

ఖర్చు విషయానికి వస్తే, పోటీదారులందరినీ పరీక్షించడం జిల్లా స్థాయి కమిటీకి సాధ్యమయ్యే పని కాదు. ప్రతి కేటగిరీలో మొదటి స్థానం వచ్చినవారినీ, ఓవరాల్ టైటిల్ గెలిచినవారినీ తప్పనిసరిగా, మిగిలినవారిలో లాటరీ తీసి కొందరినీ పరీక్షించడం మేము ఎంచుకున్న దారి. ఇందుకు నగదు బహుమతులు తగ్గించక తప్పదు. మొదటి బహుమతిని సగానికి తగ్గించి ఆ సగంతో పరీక్షలు చేయిద్దామన్న ప్రతిపాదన మీద కమిటీలో జరిగే వాదన అంతా ఇంతా కాదు. ఫ్లెక్సీ మీద బహుమతి అంకె చిన్నదైతే ఎవరూ రారన్నది ఎదుటివారి వాదన. నా అనుభవంలో పెద్ద అంకెను చూసి వచ్చేవారిలో మనకు అవసరం లేనివారే ఎక్కువ. వేదిక మీద పతకమూ ప్రశంసాపత్రమూ మాత్రమే ఇచ్చి, నగదును ఫలితాలు వచ్చాక బ్యాంకు ఖాతాలో వేస్తామని చెప్పడం ఇంకా మంచి జల్లెడ.

ఇంత చేసినా పరీక్షకు దొరకనివి ఉన్నాయని నిర్వాహకుడు నిజాయితీగా ఒప్పుకోవాలి. సూది ద్వారా తీసుకునే నాండ్రొలోన్ ఆనవాళ్లు నెలల తరబడి ఉంటాయి గానీ, బిళ్లలుగా మింగే కొన్ని స్టెరాయిడ్లు అంతకన్నా చాలా త్వరగా మాయమవుతాయి. గ్రోత్ హార్మోన్ మామూలు మూత్ర పరీక్షలో బయటపడదు. దానికి రక్తం తీయాలి. బయటి నుంచి తీసుకున్న టెస్టోస్టెరాన్‌ను, అంటే పురుష హార్మోన్‌ను, పట్టుకోవడానికి శరీరంలో సహజంగానే ఉండే ఎపిటెస్టోస్టెరాన్‌తో దాని నిష్పత్తిని చూస్తారు. అది 4 దాటితే అనుమానించి మరింత లోతైన పరీక్షకు పంపుతారు. నాలుగేళ్లు విడతలు విడతలుగా స్టెరాయిడ్లు వాడి, ఏడాది క్రితం మానేసి, ఆ కండతోనే వచ్చి నిలబడినవాడిని ఏ సీసా పట్టుకోలేదు. ఈ కారణంగానే విదేశాల్లోని సహజ దేహదారుఢ్య సంఘాలు కొన్నేళ్లపాటు, కొన్నిచోట్ల పదేళ్లపాటు, ఏమీ వాడలేదన్న ప్రమాణపత్రం అడిగి, అబద్ధాన్ని పట్టుకునే పాలీగ్రాఫ్ పరీక్ష కూడా చేస్తాయి. మన దేశంలో సమ్మతి లేకుండా పాలీగ్రాఫ్ చేయరాదని సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010లో తీర్పు చెప్పింది. అది నేర దర్యాప్తుల సందర్భంలో వచ్చినదే అయినా, సమ్మతితో కూడా ఆ యంత్రం జోలికి మన కమిటీలు పోనక్కరలేదని నా ఉద్దేశం. దాని ఫలితం మీద నిపుణులకే నమ్మకం కుదరలేదు. ఊళ్లో రెండు జిమ్‌ల మధ్య పగ పెంచడానికి మాత్రం అది చాలు.

దానికన్నా ఉపయోగపడేది పోటీకి ముందు అడిగే మామూలు రక్త పరీక్ష. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి పట్టణాల్లో ఈ పరీక్షలకు ఇబ్బంది లేదు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కించుకునేవారి శరీరం తన సొంత ఉత్పత్తిని ఆపేస్తుంది కనుక, వారి రక్తంలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు బాగా పడిపోతాయి. మింగే స్టెరాయిడ్లు మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌ను అడుగంటిస్తాయి. ఎర్ర రక్తకణాల శాతం పెరగడం మరొక సూచన. అయితే లివరు ఎంజైములు కాస్త పెరిగినంత మాత్రాన ఎవరినీ అనుమానించకూడదు. బరువులు గట్టిగా ఎత్తినవారిలో కండరాల నుంచి కూడా అవి రక్తంలోకి వస్తాయి. ఈ కాగితాలు నేరం రుజువు చేసేవి కావు. వాటిని డాక్టరు మాత్రమే చూడాలి, తేడా ఉంటే పోటీదారుడితో ఒంటరిగా మాట్లాడాలి. అలా మాట్లాడినప్పుడు తనంతట తానే తప్పుకున్నవాడి పేరు బయటికి రాకూడదు. నిజానికి ఆ సంభాషణలే ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ మేలు చేస్తాయని నేను నమ్ముతాను. పాతికేళ్లు నిండని కుర్రాడికి తన హార్మోన్ల అంకెలు చూపించి, పెళ్లయ్యాక పిల్లలు పుట్టడంలో ఇబ్బంది రావచ్చని డాక్టరు చెబితే వినే చెవి, కోచ్ చెబితే వినకపోవచ్చు.

స్టెరాయిడ్లొక్కటే కాదు. శస్త్రచికిత్సలో మత్తు ఇచ్చినప్పుడు పడిపోయిన రక్తపోటును నిలబెట్టడానికి వాడే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ తెలుగు రాష్ట్రాల జిమ్‌లలో చాటుగా చేతులు మారుతోంది. అలసట తెలియకుండా ఎక్కువసేపు కసరత్తు చేయవచ్చన్నది దాని మీద ఆశ. ఇక పోటీకి ముందు రోజు ‘డ్రై’ అవడానికి, అంటే ఒంట్లో నీరు తగ్గి కండలు స్పష్టంగా కనిపించడానికి, నీళ్లు మానేసి, మూత్రం ఎక్కువగా పోయే బిళ్లలు మింగడం మరింత ప్రమాదకరం. ఆస్ట్రియాకు చెందిన ప్రసిద్ధ బాడీబిల్డర్ ఆండ్రియాస్ మున్జర్ 1996లో 31 ఏళ్లకే చనిపోయాడు. మందులతో, నీటి లోటుతో అతని అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి పనిచేయడం మానేశాయి. ఆ బిళ్లలు వాడా నిషేధిత జాబితాలో కూడా ఉన్నాయి. బరువు తూచే సమయంలో డాక్టరు చేత రక్తపోటు చూపించి, నాలుక ఎండిపోయినవాణ్ణి వేదిక ఎక్కనివ్వకుండా ఆపే అధికారం ఆయనకు రాతపూర్వకంగా ఇవ్వాలి.

జడ్జీల చూపు మారకపోతే పరీక్షలన్నీ వృథా. మందు వాడని శరీరానికి ఎంత కండ పడుతుందో ఒక అంచనా ఉండాలి. కొవ్వు తీసేసిన బరువును (కిలోల్లో) ఎత్తు (మీటర్లలో) వర్గంతో భాగించే లెక్క ఒకటుంది. స్టెరాయిడ్లు వాడనివారిలో అది సుమారు 25 దగ్గర ఆగిపోతుందని 1995లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. 170 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువు, ఎనిమిది శాతం కొవ్వు ఉన్న కుర్రాడికి అది దాదాపు 23 వస్తుంది. ఆ కుర్రాడు వేదిక మీద చొక్కా విప్పితే అద్భుతంగా ఉంటాడు, చొక్కా వేసుకుని భీమవరం బస్టాండులో నిలబడితే ఎవరూ తిరిగి చూడరు. సహజమైన శరీరం అంటే అదీ. 1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆనాటి ప్రసిద్ధ బలశాలి యూజిన్ సాండో మొదటి పెద్ద దేహదారుఢ్య పోటీ పెట్టి, తన పక్కన రచయిత కానన్ డోయల్‌ను కూడా న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టినప్పటికి టెస్టోస్టెరాన్‌ను ప్రయోగశాలలో తయారు చేయడమే తెలియదు. ఆ తయారీ 1935లో గానీ జరగలేదు. 1942లో కన్నుమూసిన మన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ ఏ సూదితోనూ పెరగలేదు. నాలుగడుగుల పదకొండంగుళాల భారతీయ బాడీబిల్డర్ మనోహర్ ఐచ్ 1952లో మిస్టర్ యూనివర్స్ పోటీలో తన వర్గంలో గెలిచి, నూరేళ్లు దాటి బతికాడు. జడ్జీలకు శిక్షణ ఇచ్చేటప్పుడు నేటి ప్రొఫెషనల్ వేదికల ఫొటోలకు బదులు ఇటువంటివారి ఫొటోలు చూపించాలని నేను పట్టుబడుతుంటాను. పరిమాణం కన్నా అంగాల పొందిక, కండరాల మధ్య గీతలు, పోజు నిలిపే నిబ్బరం ఎక్కువ మార్కులకు నోచుకోవాలి. తన జిమ్ కుర్రాడు పోటీలో ఉన్న యజమాని ఆ కేటగిరీకి జడ్జీగా కూర్చోకూడదన్న నియమం ఎంత చిన్నదో, అమలు చేయడం అంత కష్టం.

ప్రచారంలో మైకు కట్టిన ఆటో, వాట్సాప్ గ్రూపులు, లోకల్ కేబుల్ చానల్ ఎవరికైనా ఉన్నవే. తేడా స్పాన్సర్ల దగ్గర వస్తుంది. రొయ్యల మేత డీలర్లు, రైసు మిల్లర్లు, అనపర్తి వైపు కోళ్ల ఫారాలవారు అడిగితే కాదనరు. ముఖ్యంగా గుడ్ల వ్యాపారికి ఇటువంటి పోటీ కన్నా తగిన ప్రకటన ఏముంటుంది! సప్లిమెంట్ల దుకాణం ఇచ్చే డబ్బు మాత్రం ఆచితూచి తీసుకోవాలి. డబ్బా మీద రాయని పదార్థం పొడిలో కలిసి పరీక్షలో బయటపడితే, నియమాల ప్రకారం బాధ్యత మింగినవాడిదే. మన వేదిక మీద బ్యానరు కట్టిన పొడి వల్ల మన పోటీదారుడే పట్టుబడితే ఆ కమిటీ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?

తేదీ విషయంలో నా ఓటు డిసెంబరు చివరి వారానికి. సార్వా కోతలు అయిపోయి చేతిలో నాలుగు డబ్బులుంటాయి, ఉక్కపోత ఉండదు కనుక ఒంటికి పూసిన రంగు చెమటతో కారిపోదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మూడు నాలుగు నెలలు నోరు కట్టుకున్నవాడికి ఆ వెంటనే సంక్రాంతి అరిసెలు దక్కుతాయి. ఫిబ్రవరిలో పెడితే పండక్కి వచ్చిన బావగారి పక్కన కూర్చుని ఉడికించిన గుడ్డు తెల్లసొన తినాలి. అది ఏ మనిషికీ పెట్టకూడని పరీక్ష. ముఖ్య అతిథి ప్రసంగాన్ని కేటగిరీల మధ్యలో పెట్టవద్దని కూడా ఇక్కడే చెప్పాలి. తెర వెనక డంబెల్స్ ఎత్తి కండలు పొంగించుకున్న కుర్రాళ్లు పావుగంట సేపు అభివృద్ధి కార్యక్రమాల గురించి వింటూ నిలబడితే ఆ పొంగంతా దిగిపోతుంది.

ఫిట్‌నెస్ విభాగంలో మాకు కొంత స్వేచ్ఛ ఉంటుంది. పుల్‌అప్స్, పుషప్స్‌తో పాటు ఇసుక నింపిన బస్తాను నిర్ణీత దూరం మోసే రౌండు పెడితే చూడముచ్చటగా ఉంటుంది. ధాన్యం బస్తాలు మోసే హమాలీలు జిమ్ కుర్రాళ్లను చిత్తుగా ఓడించే అవకాశమూ ఉంది, అదీ మంచిదే. మహిళల విభాగానికి దుస్తుల విషయంలో నిర్బంధం లేకుండా, ట్రాక్ ప్యాంటుతోనైనా పాల్గొనేలా నియమం రాసి, గ్రీన్‌రూమూ నమూనా సేకరణ గదీ వేరుగా ఏర్పాటు చేసి, అక్కడ మహిళా డాక్టరును ఉంచితే ఇళ్లలో అనుమతి దొరకడం కొంత తేలికవుతుంది.

చివరగా, పరీక్షలో పట్టుబడినవాడి సంగతి. 2022 నాటి జాతీయ డోపింగ్ నిరోధక చట్టం, దాని కింద పనిచేసే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా, వాటి విచారణ మండళ్లు వేరు. ఊరి కమిటీకి ఎవరినీ క్రీడల నుంచి నిషేధించే అధికారం లేదు. ప్రవేశ పత్రం మీద సంతకం పెట్టిన షరతుల మేరకు ఫలితం రద్దు చేయడం, నగదు ఆపడం, తర్వాతి పోటీలకు పిలవకపోవడం వరకే దాని హద్దు. ఎ సీసా ఫలితాన్ని సరిచూసుకోవడానికి బి సీసా పరీక్ష అడిగే గడువు ముగిసేదాకా పేరు ఎక్కడా చెప్పకూడదు. ఆ తర్వాత కూడా ‘ఫలానా కేటగిరీలో మొదటి స్థానం రద్దయింది, రెండో స్థానంలో ఉన్నవారు విజేత’ అన్న ఒక్క వాక్యం చాలు. ఎందరిని పరీక్షించామో, ఎంత ఖర్చయిందో, ఎన్ని నమూనాలు తేడాగా వచ్చాయో ఆ వాక్యం కిందే ప్రకటించాలి. ఈ లెక్క ఇవ్వని కమిటీకి మరుసటి ఏడాది ప్రవేశ రుసుము కట్టవద్దని నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు చెబుతుంటాను, అది మా కమిటీయే అయినా సరే.