పాలకూర మడికి గోబర్ గ్యాస్ స్లర్రీ

నవంబరు 9: మా వీధి చివర పాడి ఉన్న ఇంట్లో గోబర్ గ్యాస్ తొట్టి ఉంది. గ్యాసు పొయ్యికి పోతుంది, గ్యాసు పోగా మిగిలిన పేడనీళ్లు, అంటే స్లర్రీ, పక్కనున్న గుంటలో పేరుకుంటుంది. అడిగితే, "ఎన్ని బకెట్లైనా పట్టుకెళ్లండి, మా గుంట ఖాళీ అవుతుంది" అన్నారు ఆ ఇంటావిడ. పెరట్లో నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో రెండు మడులు కట్టి పాలకూర విత్తాను. ఒకదానికి స్లర్రీ, రెండోదానికి ఎప్పటిలాగే మాగిన పశువుల ఎరువు.

నవంబరు 24: తొందరపడ్డాను. మొలకలు రెండాకుల మీద ఉండగానే మొన్న చిక్కటి స్లర్రీ మగ్గుతో పోశాను. ఈ రోజు చూస్తే ఆకుల అంచులు సెగ తగిలిన కాగితంలా ఉన్నాయి. పేడ తొట్టిలో పులిసినప్పుడు గ్యాసుగా బయటికి పోయేది చాలావరకు కార్బనే. నత్రజని స్లర్రీలోనే ఉండిపోతుంది, అందులో కొంత మొక్క వెంటనే అందుకునే అమ్మోనియంగా మారుతుంది. పైరు చప్పున ఎదగడం దాని వల్లే, లేత వేళ్లు మాడడమూ దాని వల్లే. ఒక మూల మొక్కలన్నీ పోయాయి. అక్కడ మళ్లీ విత్తాను.

నవంబరు 30: ఈసారి లీటరు స్లర్రీకి పది లీటర్ల నీళ్లు. మొక్కలకు నీళ్లు పోసే క్యాను మూతి పీచుతో పూడుకుపోయింది. పాత దోమతెర ముక్కలో వడపోశాక గానీ పని జరగలేదు. పిప్పి జామచెట్టు మొదట్లో వేశాను. ఎండ చల్లబడ్డాక, ఆకుల మీద పడకుండా, సాళ్ల మధ్యనే పోశాను. కలిపినదాంట్లో సగం ఈ మడికి సరిపోయింది.

డిసెంబరు 3: మిగిలిన స్లర్రీని ఎండబెట్టి పొడిగా దాచుకుందామని గోనె పట్టా మీద పరిచాను. కాసేపటికే ముక్కు మండే ఘాటు. దాచుకోవాలనుకున్న నత్రజనే అమ్మోనియాగా గాలికి పోతోంది! ఇక మీదట తెచ్చిన రోజే వాడేస్తాను.

డిసెంబరు 10: అదే పాళ్లలో రెండో విడత.

డిసెంబరు 17: 38వ రోజు, మొదటి కోత. స్లర్రీ మడిలో కిలోంబావు, పక్క మడిలో 900 గ్రాములు. మళ్లీ విత్తిన మూల ఇంకా కోతకు రాలేదు కాబట్టి లెక్కలో లేదు. కుప్ప ఎరువు మాగేటప్పుడు పుట్టినంత వేడి ఈ తొట్టిలో పుట్టదు, రోగక్రిములన్నీ చస్తాయని నమ్మలేను. పాలకూరను బాగా కడిగి ఎలాగూ ఉడికిస్తాం. పచ్చిగా చల్లుకునే కొత్తిమీర కుండీల దగ్గరికి మాత్రం ఈ బకెట్ పోనివ్వను.

ఒక కట్ట స్లర్రీ ఇచ్చినావిడకు పట్టుకెళ్లాను. ఆకు వెనక్కి తిప్పి, "పేనుబంక పట్టిందండీ, చూసుకోలేదా?" అన్నారు. ఇంటికొచ్చి వెతికితే ఆ రసం పీల్చే పురుగు స్లర్రీ మడిలోనే, అదీ నత్రజని ఎక్కువై ముదురాకుపచ్చగా ఎదిగిన మొక్కల మీదే ఉంది. మూడో విడత స్లర్రీ మానేసి, వేపనూనె నీళ్లలో కలిపి చల్లాను.