బీరువాలోని ఎక్స్‌రేలు

నాకు ఆరేళ్లప్పుడే మోకాళ్ల దగ్గర గట్టి బుడిపెలు వచ్చాయి. నాన్నకూ ఉండేవి కాబట్టి ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. జబ్బు పేరు మల్టిపుల్ ఎక్సోస్టోసెస్. ఎముక చివర్లలో పక్కకి మొలకలా ఎముక పెరుగుతుంది, దాని నెత్తిన కార్టిలేజ్, అంటే మృదులాస్థి, టోపీలా పట్టి ఉంటుంది. ఈఎక్స్‌టీ1 లేదా ఈఎక్స్‌టీ2 జన్యువులో లోపం వల్ల వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం.

మనం ఎత్తు పెరగడం ఆగాక ఇవీ ఆగిపోవాలి. నాకు 34 ఏళ్లప్పుడు కుడి మోకాలి బయటి వైపు బుడిపె మళ్లీ ఉబ్బింది. మెట్లు దిగుతుంటే నొప్పి, పాదం మీద తిమ్మిరి. మొదట చూపించుకున్న చోట కొవ్వు గడ్డ అని మందులు రాశారు. అలా మూడు నెలలు పోయాయి. ఆ కోపం ఇంకా పోలేదు.

తర్వాత వెళ్లిన ఎముకల డాక్టర్ గారు ముందుగా అడిగింది పాత ఎక్స్‌రేల గురించే. అమ్మ అన్నీ బీరువాలో పట్టుచీరల కింద దాచింది. నా పదిహేడో ఏట తీసిన ఫిల్ము పక్కనే కొత్తది పెట్టి లైటు వేశారు. ఎముక ఆకారం మారలేదు. "కానీ ఎక్స్‌రేలో కార్టిలేజ్ సరిగ్గా కనపడదమ్మా, మన భయమంతా దానితోనే" అన్నారు. పెద్దవాళ్లలో ఆ టోపీ మందం 2 సెంటీమీటర్లు దాటితే కాండ్రోసార్కోమా అనే క్యాన్సరేమోనని అనుమానించాలట. ఆ రాత్రి నిద్ర లేదు.

ఎమ్మారైలో ముందు మరింత టెన్షన్. బుడిపె పైన తెల్లటి పొర మందంగా కనిపించింది. కొన్ని రకాల ఎమ్మారై చిత్రాల్లో నీరూ కార్టిలేజూ రెండూ తెల్లగానే ఉంటాయి. కాంట్రాస్ట్ అనే మందు నరంలోకి ఎక్కించి మళ్లీ తీశాకే తేడా తెలిసింది. టోపీ 6 మిల్లీమీటర్లే. మిగతాది రాపిడికి ఏర్పడిన నీటి సంచి.

నరాన్ని నొక్కుతోందని ఆపరేషన్ చేసి తీసేశారు. బయాప్సీలోనూ క్యాన్సర్ లేదు. తిమ్మిరి తగ్గడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

పోయిన దీపావళికి తలంటు పోయడానికి పాపకి నూనె రాస్తుంటే భుజం కింద ఎముక గట్టిగా తగిలింది. చేయి అక్కడే ఆగిపోయింది. ఎక్స్‌రే తీయించాం. ఫోన్‌కి లింకు పంపుతామన్నారు. ఫిల్మే కావాలని అడిగి తెచ్చుకున్నాను. కవరు మీద తేదీ రాసి, బీరువాలో నా వాటి పక్కన పెట్టాను.