జలేఽస్మిన్ సన్నిధిం కురు: దేవప్రయాగ నుంచి మా కాలవ రేవు దాకా

వేసవిలో మా కోనసీమలో కాలవలు కట్టేస్తారు. పూడిక తియ్యాలి, లాకులు బాగుచెయ్యాలి. ఆ రోజుల్లో మా వీధి చివర రేవులో మెట్లు అడుగుదాకా బయటపడతాయి, కింద బురద ఎండి బీటలు వారుతుంది. ఏడాదంతా అదే రేవులో స్నానం చేసే మా అత్తయ్యగారు అప్పుడు మాత్రం పెరట్లో బోరు పంపు కింద ప్లాస్టిక్ బకెట్ పెట్టుకుంటారు. అది నిండాక కుడిచెయ్యి నీళ్ళమీద ఉంచి, రేవులో రోజూ చెప్పే శ్లోకమే చెబుతారు.

గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి
నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు

"ఓ గంగా, యమునా, గోదావరీ, సరస్వతీ, నర్మదా, సింధూ, కావేరీ, ఈ నీటిలో సన్నిధి చెయ్యి" అని అర్థం. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి అడిగాను, "బోరు నీళ్ళలోకి కూడా గంగ వస్తుందా అత్తయ్యగారూ?" అని. "పిలవడం మన వంతు అమ్మాయ్, రావడం ఆవిడ వంతు" అన్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆ మాట ఎంత పెద్దదో తెలియడానికి ముప్ఫై ఏళ్ళు, ఒక హిమాలయ యాత్ర పట్టాయి.

2025లో బృహస్పతి మిథునరాశిలో ప్రవేశించి మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలు వచ్చాయి. మనవాళ్ళు చాలామంది కాళేశ్వరం వెళ్ళారు. అత్తయ్యగారు మాత్రం "సరస్వతి కంటికి కనబడే చోటు ఒకటుందట, బదరీనాథ్ దగ్గర. అక్కడికి తీసుకెళ్ళండి" అని పట్టుబట్టారు. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనే రోజులు కావు గానీ, పదివేల అడుగుల ఎత్తు, చలి, ఊపిరి ఆడకపోవడం అంటే మాకు టెన్షన్‌గానే ఉండింది. డాక్టరుకు చూపించి, యాత్రకు ముందుగా చేయించాల్సిన రిజిస్ట్రేషన్ చేయించి, రాజమండ్రి నుంచి బయల్దేరే ఒక యాత్రా బృందంలో చేరాం. ముప్ఫై ఎనిమిది మందిమి. వంటవాళ్ళు కూడా మన జిల్లావాళ్ళే. కొండల్లో ఎక్కడ బస్సు ఆగినా పొయ్యి వెలిగించి, "వేడిగా రెండు ముద్దలు తినండాయ్" అని కంచాలు అందించేవారు. ఆ చలిలో చారన్నం కూడా నాకు ప్రసాదంలాగే అనిపించింది.

బయల్దేరే ముందురోజు గోదావరి గట్టుకు వెళ్ళి అత్తయ్యగారు ఒక చిన్న రాగి చెంబులో నీళ్ళు పట్టి, మూతి బిగించి, గుడ్డ చుట్టి సంచిలో పెట్టుకున్నారు. గంగ దగ్గరికి వెళ్తూ ఇక్కడి నీళ్ళెందుకని ఎవరో అడిగారు. "ఉత్తచేతులతో వెళ్తామా చుట్టాలింటికి" అన్నారు.

హరిద్వారంలో హర్ కీ పౌరీ దగ్గర స్నానం చేస్తుంటే నాకో సంగతి తెలిసి ఒళ్ళు పులకరించింది. ఆ రేవు ముందు పారే నీరు ఎగువన భీమ్‌గోడా దగ్గర గంగ నుంచి మళ్ళించిన కాలవ నీరే. ఆ గంగ కాలవ 1854లో ప్రారంభమైంది, మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన రెండేళ్ళకు. అంటే కోట్లమంది గంగాస్నానం అనుకుని మునిగేది కాలవలోనే! అయినా అది గంగ కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటారా? మా రేవు గుర్తొచ్చింది.

యాత్రకు ఒక వరుస ఉంది. పడమటి నుంచి తూర్పుకు, ప్రదక్షిణగా యమునోత్రి, గంగోత్రి, కేదార్, బదరీ. యమునోత్రికి జానకీచట్టి నుంచి ఐదారు కిలోమీటర్లు కొండదారి. అత్తయ్యగారు డోలీలో, మేము నడిచి. మోసిన నలుగురూ కుర్రవాళ్ళు. దించిన ప్రతిసారీ ఆవిడ వాళ్ళకి చేతులు జోడించేవారు. పైన యమున మా కాలవ కన్నా చిన్నది. పక్కనే సూర్యకుండంలో నీళ్ళు మరుగుతుంటాయి. బియ్యం గుడ్డలో కట్టి అందులో ముంచితే ఉడికిపోతాయి, అదే ప్రసాదం. అక్షయ తృతీయకు తెరిచే ఆ గుడిని కార్తీక శుద్ధ విదియనాడు మూస్తారు. వాళ్ళకది భాయీ దూజ్, మనకి భగినీహస్త భోజనం. యముడు చెల్లెలి ఇంటికి భోజనానికి వచ్చిన రోజున చెల్లెలి గుడి మూసి, ఆమెను చలికాలానికి కింద ఖర్సాలీ గ్రామానికి తీసుకెళ్తారు. ఎప్పుడూ మా అన్నయ్యకు వడ్డించే రోజుగానే నాకు తెలిసిన తిథి, ఆ కొండమీద ఇలా ఎదురైంది.

గంగోత్రిలో భగీరథుడు తపస్సు చేశాడని చెప్పే శిల ఉంది. అక్కడ నిలబడగానే అత్తయ్యగారు అప్రయత్నంగా చదివిన శ్లోకం గంగది కాదు, మా డెల్టాలో పెద్దలు సంకల్పంలో చెప్పుకునేది.

నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః
స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం

రోజూ గోదావరి స్నాన పుణ్యాన్ని ఇచ్చిన ఆంగ్లేయుడు కాటన్ అనే భగీరథుణ్ణి తలుచుకుంటున్నాను అని. 1847లో మొదలై 1852లో పూర్తయిన, ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట వల్లే మా ఊరి రేవులో గోదావరి ఉంది. పరదేశీయుణ్ణి సంధ్యవార్చే చోట స్మరించుకున్న ఆ పెద్దల మనసు ఎంత విశాలమో! భగీరథశిల ముందు ఆ పేరు వినబడటం నాకు అపచారంగా తోచలేదు. నీళ్ళు తెచ్చినవాడు భగీరథుడే.

అయితే గంగోత్రిలో ఒక చిక్కు వచ్చింది. బస్సు డ్రైవరు గఢ్వాల్ మనిషి. కిందికి వస్తుంటే నది వైపు చూపించి "గంగమ్మ, గంగమ్మ" అని అందరం దణ్ణం పెడుతున్నాం. ఆయన మెల్లగా "ఇది భాగీరథి. గంగాజీ అని పేరు దేవప్రయాగలో వస్తుంది" అన్నాడు. గంగోత్రిలో గంగ లేదా! దాదాపు పద్దెనిమిది కిలోమీటర్ల పైన గోముఖ్ దగ్గర హిమానీనదం నుంచి పుట్టిన నదికి ఇక్కడింకా ఆ పేరు రాలేదన్నమాట. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

కేదారం గురించి తక్కువే రాస్తాను. 11,755 అడుగుల ఎత్తు. 2013 జూన్ వరదలో గుడి వెనక వచ్చి ఆగిన పెద్ద బండను భీమశిల అంటున్నారు. దాని ముందు నిలబడి, ఆ రాత్రి పోయినవాళ్ళని తలుచుకుంటే మాట రాలేదు. ఆ కొండలు చాలా సున్నితం. దారిపక్కన పడేసిన ప్లాస్టిక్ సీసాలు చూస్తే, మనం యాత్ర పేరుతో దేవుడి ఇంటిని పాడుచేస్తున్నామేమోనని బాధ కలిగింది. అత్తయ్యగారు పైకి రాలేదు, గుప్తకాశీలో ఉండిపోయారు. "నేను చూడలేదని బెంగ పెట్టుకోకు" అన్నారు. అక్కడి విశ్వనాథుడి గుడి ముందు మణికర్ణికా కుండంలోకి రెండు ధారలు పడుతుంటాయి, ఒకటి గంగ, ఒకటి యమున అంటారు. మేము తిరిగి వచ్చేసరికి ఆవిడ ఆ మెట్లమీద కూర్చుని, "శ్లోకంలో మొదటి పాదం ఇక్కడే ఉంది చూడు" అన్నారు.

కేదారంలో ప్రధాన అర్చకులైన రావల్ కర్ణాటక వీరశైవులు, బదరిలో రావల్ కేరళ నంబూద్రి. దక్షిణాదివాళ్ళం మనం అక్కడ పరాయివాళ్ళం కామని ఆ గుడుల ఏర్పాటే చెబుతోంది. బదరిలో తప్తకుండంలో స్నానం చేసి స్వామిని చూశాక, మావారు బ్రహ్మకపాలం దగ్గర మావయ్యగారికి పిండప్రదానం చేశారు. అత్తయ్యగారు కొంచెం దూరంగా కూర్చుని అలకనంద వైపు చూస్తూ ఉండిపోయారు. నేను పక్కన కూర్చున్నాను, ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి "మీ మావయ్యగారికి ఈత వచ్చు, నాకే రాదు" అన్నారు. అంతే.

అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో మాణా. పుష్కరాలు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ఊళ్ళో నాలుగు దక్షిణాది భాషలూ వినబడుతున్నాయి. భీమ్‌పుల్ దగ్గర సరస్వతి బండల మధ్య నుంచి గర్జిస్తూ దూకుతుంది. వ్యాసుడు గుహలో భారతం చెబుతుంటే ఈ హోరుకి వినాయకుడికి వినబడక, కొంచెం మెల్లగా వెళ్ళమ్మా అంటే వినలేదని కథ. ఆ మీదట కాసేపటికే కేశవప్రయాగలో అలకనందలో కలిసిపోతుంది. ఇన్నేళ్ళూ శ్లోకంలో ఒక మాటగానే ఉన్న నదిని అలా చూసి, చేత్తో తాకి, తలమీద చల్లుకుంటే, చలికి కాదు, వేరే దేనికో ఒళ్ళంతా వణికింది.

అక్కడి నుంచి బస్సు దిగుతూ వస్తుంటే అలకనంద మా పక్కనే వచ్చింది. విష్ణుప్రయాగలో ధౌలీగంగ కలిసింది. నందప్రయాగలో నందాకిని, కర్ణప్రయాగలో పిండర్, రుద్రప్రయాగలో కేదారం నుంచి వచ్చే మందాకిని. ఒక్కొక్క సంగమం దగ్గరా ఒక నది తన పేరు అక్కడ దింపేసి ముందుకు వెళ్తోంది. చివరికి, ఋషీకేశానికి ఇంకా డెబ్భై కిలోమీటర్లు ఉందనగా, దేవప్రయాగ.

అక్కడ రెండు రంగుల నీళ్ళు పక్కపక్కన వచ్చి కలుస్తాయి. ఉరకలు వేస్తూ హోరుమంటూ వచ్చేది భాగీరథి, నిబ్బరంగా వచ్చేది అలకనంద. అక్కడివాళ్ళు వాటిని అత్తాకోడళ్ళంటారు. గట్టిగా అరిచే భాగీరథి అత్త, నెమ్మదిగా ఉండే అలకనంద కోడలు. ఈ మాట చెబితే అత్తయ్యగారు చాలాసేపు నవ్వారు. నీళ్ళ లెక్కలో అలకనందే పెద్దది, పురాణం లెక్కలో భాగీరథే మూలం. ఆ తగువు సంగమం దాకానే. దాని అవతల రెండు పేర్లూ లేవు, గంగ ఉంది.

రేవులో పట్టుకోవడానికి గొలుసులున్నాయి. ఒక చేత్తో గొలుసు, ఒక చేత్తో నా భుజం పట్టుకుని అత్తయ్యగారు దిగారు. సంచిలో చెంబు విప్పి, గోదావరిని ఆ నీళ్ళలో పోశారు. తర్వాత ఆ చెంబునే గంగలో ముంచి నింపారు. శ్లోకం చెప్పారు.

నేను బడిలో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పిన మనిషిని, సంస్కృతం కొద్దిగా తెలుసు. ఆ శ్లోకం ఎన్ని వేలసార్లు విన్నానో. ఆ రేవులో మొదటిసారి ఒకటి గమనించాను. పిలిచింది ఏడుగురిని. ఏడుగురిని కలిపి చెబితే "కురుత" అనాలి. శ్లోకంలో ఉన్నది "కురు", ఏకవచనం. ఒక్కొక్క నదినీ విడివిడిగా పిలుస్తున్నట్టు అన్వయించుకోవచ్చు, పండితులకు అందులో ఇబ్బంది లేదు. కానీ ఐదు సంగమాలు దాటి వచ్చి ఆ నీళ్ళలో నడుంలోతున నిలబడ్డ నాకు, పిలిచింది ఏడు పేర్లతోనైనా వచ్చేది ఒక్కతే అని వినబడింది.

వెంటనే మా ఊరు గుర్తొచ్చింది. అక్కడ జరిగేది దీనికి సరిగ్గా తిరగబడి కదా! త్ర్యంబకంలో పుట్టి దేశమంతా అడ్డంగా ఒకే పేరుతో నడిచిన గోదావరి, ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని ఇప్పుడు నిండుగా పారేవి, తుల్య, ఆత్రేయ, భరద్వాజ, కౌశిక అని పెద్దలు చెప్పుకునేవి. సప్తర్షులు తలా ఒక పాయ తీసుకెళ్ళారని మన కథ. పుష్య అమావాస్యనాడు చొల్లంగిలో మునిగి, ఒక్కొక్క పాయ సముద్రంలో కలిసే చోటల్లా స్నానం చేస్తూ అంతర్వేది దాకా వెళ్ళే సప్తసాగర యాత్ర మాది. కొండల్లో ఐదారు పేర్లు కలిసి ఒక తల్లి అయితే, మా నేలమీద ఒక తల్లి ఏడు పేర్లై ఇంటింటి ముందుకీ కాలవగా వచ్చింది. ఈ సంగతి చెబితే అత్తయ్యగారు తడి చీర పిండుకుంటూ "పిల్లలకి పంచిపెట్టాలి కదా మరి" అన్నారు, అది ఎప్పుడూ తెలిసిన విషయమే అన్నట్టు.

ఇంటికి వచ్చాక గంగచెంబుకి పూజ చేసి, ఇరుగుపొరుగుని పిలిచి భోజనాలు పెట్టాం. తలా ఉద్ధరిణెడు తీర్థం. ఆ తర్వాత కొద్దిరోజులకే కాలవలకు నీళ్ళు వదిలారు. తొలిరోజు నీళ్ళు చెత్త మోసుకొస్తాయని అత్తయ్యగారు ఆగారు. మర్నాడు తెల్లవారుజామున లేపారు.

రేవులో నీళ్ళు ఇంకా ఎర్రగా, మూడో మెట్టు దాకా వచ్చి ఉన్నాయి. చెంబు అడుగున మిగిలిన గంగను ఆవిడ అందులో వంచారు. "చెయ్యి పట్టుకో, పాచి ఉంటుంది" అని, మెట్టు దిగి, నీళ్ళమీద అరచెయ్యి ఉంచి శ్లోకం చెప్పారు. నేనూ ఆవిడతో గొంతు కలిపాను. మూడు మునకలు వేసి పైకి వచ్చాక "బకెట్ తెచ్చావా?" అని అడిగారు. తెచ్చాను. పంపు కింద పెట్టే బకెట్టే. తులసికోటలో పొయ్యడానికి నిండా ముంచి, చెరొక పక్కా పట్టుకుని ఇంటికి బయల్దేరాం.